గిన్నెకి అంటుకున్న నెయ్యి

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీద త్రాసు పెట్టగానే ముందు వరసలో ఉన్న పెద్దాయన ఒకరు "ఏమ్మా, బంగారం తూస్తావా?" అని అడిగారు. బంగారం కాదండీ, నెయ్యి తూస్తాను. గ్రాము తేడా కూడా పట్టేసే వంటింటి త్రాసు ఇది. నేను పిల్లల ఆసుపత్రిలో డైటీషియన్ని. ఈ పనిలోకి వచ్చి 20 ఏళ్లు దాటింది. డాక్టర్ల మెడలో స్టెతస్కోపు ఎలాగో నా సంచిలో ఇది అలాగ. సభ అయ్యాక ఎవరైనా వచ్చి చూడొచ్చు. కానీ బ్యాటరీ తక్కువుంది, అందరూ వరసపెట్టి ఉంగరాలు తూచుకోకండి. (నవ్వులు)

ఒక బాబు సంగతితో మొదలుపెడతాను. పేరూ ఊరూ వద్దు. నాలుగేళ్లవాడు. రోజుకి పది పదిహేనుసార్లు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ముందుకి పడిపోయేవాడు. నుదుటి మీద ఒక దెబ్బ మానేలోపు ఇంకో దెబ్బ. మూడు రకాల మందులు అయిపోయాయి. చివరికి మా డాక్టర్లు కీటోజెనిక్ డైట్, అంటే పిండిపదార్థం బాగా తగ్గించి కొవ్వు బాగా పెంచిన తిండి, పెట్టి చూద్దామన్నారు. పెట్టాం. మూడో వారానికి ఫిట్స్ సగానికి సగం తగ్గాయి. తరవాత అక్కడే ఆగిపోయి, నెల తిరిగేసరికి మళ్ళీ కొంచెం కొంచెం పెరగడం మొదలైంది. వాళ్లమ్మ రాస్తున్న నోటు పుస్తకం చూశాను. ఒక్క పొరపాటు లేదు. ఆవగింజ దగ్గర్నుంచీ తూచింది ఆ తల్లి. "అమ్మా, రేపు తినిపించేటప్పుడు వీడియో తీసి పంపు" అన్నాను. పంపింది. బాబు బుద్ధిగా అంతా తిన్నాడు. ఆమె గిన్నె తీసుకెళ్లి సింకులో పెట్టింది. అక్కడ వీడియో ఆపి చూశాను. గిన్నె లోపలంతా నెయ్యి మెరుస్తోంది.

ఆ పూట భోజనంలో కొవ్వు 40 గ్రాములు. ప్రొటీనూ పిండిపదార్థమూ కలిపి 10 గ్రాములు. నాలుగుకి ఒకటి, అదీ మా లెక్క. మర్నాడు గిన్నెకి అంటుకున్నదాన్ని తూపించాను. 6 గ్రాములు. అంటే బాబు కడుపులోకి వెళ్లింది 34కి 10. కాగితం మీద నాలుగు, కడుపులో మూడున్నర కూడా లేదు. అది రోజూ, ప్రతి పూటా. అప్పట్నుంచి రబ్బరు గరిటెతో గిన్నె ఊడ్చి ఆ నెయ్యి కూడా నోట్లో పెట్టేది. ఫిట్స్ మళ్ళీ తగ్గాయి.

చప్పట్లు కొట్టకండి. ఎందుకంటే అదే నెలలో డాక్టరుగారు ఒక మందు మోతాదు కూడా మార్చారు. బాబుకి తగ్గింది గరిటె వల్లా, మందు వల్లా, లేకపోతే ఈ జబ్బుకి ఉండే ఆటుపోట్ల వల్లా? నేను చెప్పలేను. చెబితే అబద్ధం అవుతుంది. ఈ ఆహారం పనిచేస్తుందని 1921 నుంచి చెప్పుకుంటూ వచ్చినవాళ్ల దగ్గర ఉన్నవి చాలావరకు ఇలాంటి సంగతులే. మంచి సంగతులే, నిజమైన సంగతులే, కానీ నిరూపణ కాదు. నిరూపణ ఎలా వచ్చిందన్నదే ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది. అది తెచ్చిన బృందంలో ముందు నిలబడిన మనిషి ఎలిజబెత్ నీల్. ఆవిడ కూడా నాలాగే డైటీషియన్. నాకు కొంచెం పక్షపాతం ఉంది, ముందే ఒప్పేసుకుంటున్నాను.

నీల్ దగ్గరికి వెళ్లేముందు కొంచెం వెనక్కి వెళ్లాలి.

తిండి మానేస్తే ఫిట్స్ ఆగుతాయన్న సంగతి మనుషులకి వేల ఏళ్లుగా తెలుసు. గ్రీకుల పాత వైద్య గ్రంథాల్లోనూ ఆ ప్రస్తావన ఉంది. 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని బాటిల్ క్రీక్ అనే ఊళ్లో హ్యూ కాంక్లిన్ అని ఒక ఆస్టియోపతీ వైద్యుడు ఉండేవాడు. మూర్ఛ ఉన్న పిల్లల్ని మూడు వారాల వరకూ వట్టి నీళ్ల మీద ఉంచేవాడు. పేగుల్లోంచి ఏదో విషం మెదడుకి పోతోందని ఆయన నమ్మకం. నమ్మకం తప్పు. కానీ పిల్లలకి తగ్గేది. వైద్యంలో ఇలాంటివి కనిపిస్తుంటాయి, కారణం తప్పు చెప్పినవాడి చేతిలో ఫలితం నిజంగా ఉంటుంది. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనకూడదు, సరే, కానీ ఈనింది ఆవేనేమో ఒకసారి వెళ్లి చూసి రావాలి కదా.

వెళ్లి చూసినవాళ్లున్నారు. న్యూయార్క్‌లో గేలిన్ అనే డాక్టరు ఉపవాసంతో ఫలితాలు వచ్చాయని 1921లో వైద్యుల మహాసభలో చెప్పాడు. న్యూయార్క్‌లోనే చార్లెస్ హౌలండ్ అనే లాయరు కొడుక్కి ఫిట్స్ ఉండేవి, ఉపవాసంతో తగ్గాయి. ఆ లాయరుగారి తమ్ముడు జాన్ హౌలండ్ బాల్టిమోర్‌లో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో పిల్లల వైద్య విభాగానికి పెద్ద. "ఇదెలా పనిచేస్తోందో కనిపెట్టు" అని అన్న తమ్ముడికి డబ్బు ఇచ్చాడు. ఆ డబ్బుతో జేమ్స్ గ్యాంబుల్ అనే ఆయన ఉపవాసం ఉన్న పిల్లల ఒంట్లో ఉప్పులూ నీళ్లూ ఏమవుతున్నాయో కొలిచాడు. ఫిట్స్ ఎందుకు తగ్గాయో ఆయనకీ తేలలేదు. కానీ సోడియం, పొటాషియం, ఒంట్లో నీరు, వీటి గురించి ఇవాళ ప్రతి వైద్య విద్యార్థీ చదివే పాఠానికి పునాదుల్లో ఒకటి అక్కడ పడింది. విరేచనాలతో నీరసించిన పిల్లాడికి సెలైన్ ఎంత ఎక్కించాలో లెక్క కట్టేటప్పుడు ఆ ఉపవాసపు పిల్లల బాకీ మనం కొంత తీరుస్తున్నట్టే.

ఉపవాసంతో చిక్కేమిటో వేరే చెప్పక్కర్లేదు. ఎన్నాళ్లుంటారు? తిండి పెట్టగానే ఫిట్స్ తిరిగొస్తాయి. 1921లోనే మేయో క్లినిక్‌లో రస్సెల్ వైల్డర్ అనే ఆయనకి ఒక ఉపాయం తట్టింది. ఆయన అసలు చక్కెర వ్యాధి మీద పనిచేసేవాడు. ఉపవాసం ఉన్నప్పుడు రక్తంలో కీటోన్లు అనేవి పెరుగుతాయి. పిండిపదార్థం బాగా తగ్గించి కొవ్వు బాగా పెంచిన తిండి పెట్టినా అవే పెరుగుతాయి. అలాంటప్పుడు పిల్లాణ్ణి మాడ్చడం ఎందుకు, తిండి పెడుతూనే ఒంటిని ఉపవాసంలో ఉన్నానని అనుకునేలా చేద్దాం అన్నాడు. కీటోజెనిక్ డైట్ అన్న పేరు ఆయన పెట్టిందే. అదే మేయోలో పీటర్‌మన్ అనే డాక్టరు దానికి కొలతలు కట్టాడు. పిల్లాడి బరువులో కిలోకి 1 గ్రాము ప్రొటీన్, రోజుకి 10 నుంచి 15 గ్రాముల పిండిపదార్థం, మిగతాదంతా కొవ్వు. వందేళ్లయింది. నేను వాడే లెక్క ఇవాళ్టికీ దానికి పెద్ద దూరంలో లేదు.

ఆ లెక్క ఎంత గట్టిదో చూపిస్తాను. కొవ్వు 1 గ్రాముకి 9 కేలరీలు, తక్కినవాటికి 4. నాలుగుకి ఒకటి అంటే 4 గ్రాముల కొవ్వుకి 36 కేలరీలు, 1 గ్రాము మిగతాదానికి 4. నలభైలో ముప్ఫై ఆరు. అంటే పిల్లాడి శక్తిలో 90 శాతం కొవ్వు నుంచే. మనిళ్లలో పొయ్యి మీదకి ఎక్కేదాన్ని తలకిందులు చేస్తే అది వస్తుంది. మనం అన్నంలో నెయ్యి వేసుకుంటాం. ఈ పిల్లలు నెయ్యిలో కూర వేసుకుంటారు.

ఇంత కొవ్వు తింటే మెదడులో ఏమవుతుంది? మెదడు మన బరువులో 2 శాతమే, తినేది మాత్రం 20 శాతం. కూర్చుని తినే రకం. దానికి ఇష్టమైనది గ్లూకోజ్. కొవ్వు నేరుగా పనికిరాదు. మరి వారాల తరబడి ఉపవాసం ఉన్నవాళ్ల మెదడు ఎలా బతుకుతోంది? దీన్ని 1967లో బోస్టన్‌లో ఓవెన్, కాహిల్ అనే ఇద్దరు తేల్చారు. ఊబకాయం తగ్గడానికి ఐదారు వారాలు ఉపవాసం ఉన్న ముగ్గురిలో మెదడుకి వెళ్లే రక్తం, తిరిగొచ్చే రక్తం రెండూ కొలిచి చూశారు. మెదడు వాడే ఇంధనంలో ఎక్కువ భాగం కీటోన్లదే అని తేలింది. కొవ్వుని కీటోన్లుగా వండేది కాలేయం. తమాషా ఏమిటంటే వాటిని వాడుకునే ఎంజైమ్ కాలేయానికి లేదు. వండి అందరికీ వడ్డిస్తుంది, తను ముట్టదు. ఇలాంటివాళ్లు మనిళ్లలో ఎవరో నేను చెప్పను. (నవ్వులు)

సరే, మెదడు వేరే ఇంధనం మీద నడిచింది. దాంతో ఫిట్స్ ఎందుకు తగ్గాలి? ఇక్కడ సూటి సమాధానం ఇంకా లేదు. అయితే ఒక మంచి దారి దొరికింది. మీడియం చెయిన్ కొవ్వు, ఎంసీటీ అంటారు, దాంతో చేసే ఇంకో రకం కీటో ఆహారం ఉంది, 1971లో హుటెన్‌లాకర్ అనే డాక్టరు మొదలుపెట్టింది. ఆ కొవ్వులో డెకనాయిక్ ఆమ్లం అని ఒకటి ఉంటుంది. మెదడు కణాల మధ్య ఉద్రేకాన్ని అందించే ఒక ద్వారాన్ని అది నేరుగా మూసేస్తుందని లండన్ పరిశోధకులు 2016లో చూపించారు. అంటే కీటోన్లతో పని లేకుండానే ఆ కొవ్వే మందులా పనిచేస్తోందన్నమాట. 2018లో కాలిఫోర్నియాలో ఎలుకల మీద చేసిన పనిలో పేగుల్లోని బ్యాక్టీరియాకీ పాత్ర ఉందని తేలింది. పాపం కాంక్లిన్, ఆయనా పేగులే అన్నాడు. కారణం వేరు అనుకోండి.

కొబ్బరినూనె గురించి ఎవరో అడగబోతున్నారు, నేనే చెప్పేస్తాను. కొబ్బరినూనె మంచిదే, మేం వాడతాం కూడా. కానీ అందులో సగం దాకా లారిక్ ఆమ్లం. నేను చెప్పిన డెకనాయిక్ నూటికి ఆరేడు పాళ్లు మించదు. ఆసుపత్రిలో ఇచ్చే ఎంసీటీ ఆయిలూ, గానుగ కొబ్బరినూనే ఒకటి కావు.

ఇంకో జబ్బు గురించి ఒక్కమాట. కొందరు పిల్లల్లో రక్తంలో చక్కెర సరిగానే ఉంటుంది, వెన్నుపాము నీటిలో మాత్రం బాగా తక్కువ ఉంటుంది. రక్తం నుంచి మెదడులోకి గ్లూకోజ్‌ని మోసే ప్రొటీన్ సరిగా లేకపోవడమే కారణం. దుకాణం నిండా బియ్యం ఉంది, గుమ్మం తలుపు బిగుసుకుపోయింది. 1991లో కొలంబియా యూనివర్సిటీలో డి వివో బృందం దీన్ని ఇద్దరు పిల్లల్లో వివరించింది. గ్లట్ 1 లోపం అంటారు. వీళ్లకి కీటో ఆహారం ఆఖరి ప్రయత్నం కాదు, మొట్టమొదటి వైద్యం. కీటోన్లు వెళ్లే తలుపు వేరు కదా.

ఇంత మంచిదైతే మధ్యలో ఎందుకు మరుగున పడింది? మాత్రలు వచ్చాయి. ఫినోబార్బిటాల్ 1912 నుంచే ఉంది, 1938లో ఫినిటాయిన్ వచ్చింది. ఒక మాత్ర మింగించడం ఎక్కడ, పూటపూటా గ్రాముల్లో తూచి వండటం ఎక్కడ. అందులో తప్పు పట్టడానికేం లేదు, మాత్రతో తగ్గే పిల్లాడికి నేనైనా మాత్రే ఇమ్మంటాను. గ్లాస్గోలో 525 మంది రోగుల్ని గమనించి 2000లో ప్రచురించిన అధ్యయనం ఉంది. వాళ్లలో అంతకుముందు మందులు వాడని 470 మందిలో మొదటి మందుతోనే 47 శాతం మందికి ఫిట్స్ పూర్తిగా ఆగాయి. రెండో మందుతోనో మూడో మందుతోనో ఇంకో 14 శాతానికి. మిగిలినవాళ్లున్నారే, మూడో వంతుకి పైగా, వాళ్ల గురించే నా ఉద్యోగం.

ఆ మిగిలినవాళ్లలో ఒక పిల్లాడి పేరు చార్లీ. వాళ్ల నాన్న జిమ్ అబ్రహమ్స్ హాలీవుడ్‌లో హాస్య చిత్రాల దర్శకుడు. 1993లో, చార్లీకి ఏడాది వయసప్పుడు ఫిట్స్ మొదలయ్యాయి. మందులు పనిచెయ్యలేదు, ఆపరేషనూ పనిచెయ్యలేదు. ఆయన లైబ్రరీలో కూర్చుని పుస్తకాలు తిరగేస్తుంటే ఈ పాత ఆహారం గురించి కనిపించింది. అప్పటికి జాన్స్ హాప్‌కిన్స్‌లో డాక్టర్ జాన్ ఫ్రీమన్, డైటీషియన్ మిల్లిసెంట్ కెల్లీ దీన్ని చేస్తూ వస్తున్నారు. కెల్లీ దశాబ్దాల పాటు ఈ లెక్కలు కడుతూ కూర్చున్న మనిషి. లోకం మర్చిపోయినా ఒక మనిషి నోటు పుస్తకంలో బతికి ఉంటుందంటారే, అది ఇదే. అక్కడికి తీసుకెళ్లారు. చార్లీకి ఫిట్స్ ఆగిపోయాయి. తండ్రికి ఆనందంతో పాటు కోపం కూడా వచ్చింది, ఈ సంగతి నాకు ఒక్క డాక్టరూ ఎందుకు చెప్పలేదని. 1994లో చార్లీ పేరు మీద ఒక ఫౌండేషన్ పెట్టారు. టీవీలో వచ్చింది. ఒక్కసారిగా తల్లిదండ్రులు ఆసుపత్రులకి ఎగబడ్డారు.

డాక్టర్లు మాత్రం కదల్లేదు. "టీవీలో చూపించిన పిల్లాడు ఒక్కడు, చూపించనివాళ్లు ఎంతమంది?" ఆ ప్రశ్న సరైనదే. ఫ్రీమన్ బృందం 150 మంది పిల్లల్ని వరసగా గమనించి 1998లో ప్రచురించింది. ఏడాది తరవాత 55 శాతం మంది ఇంకా ఆహారం మీద ఉన్నారు. మొత్తం 150 మందిలో సగం మందికి ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి. బాగానే ఉంది. కానీ పోల్చి చూడటానికి రెండో గుంపు లేదు. ఊరికే వదిలేసినా తగ్గేదేమో? మా బాబు గరిటె సంగతే మళ్ళీ.

ఇప్పుడు నీల్ దగ్గరికి వద్దాం. లండన్‌లో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి. అక్కడ ప్రొఫెసర్ హెలెన్ క్రాస్ దగ్గర పరిశోధన చేస్తున్న డైటీషియన్ ఎలిజబెత్ నీల్. వీళ్లు చేసినది వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. రెండు నుంచి పదహారేళ్ల మధ్య వయసు, కనీసం రెండు మందులు వాడినా తగ్గనివాళ్లు, రోజూ ఫిట్స్ వస్తున్నవాళ్లు, అలాంటి పిల్లలు 145 మందిని తీసుకున్నారు. చీట్లు వేసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి ఆహారం ఇప్పుడే మొదలు. రెండో గుంపుకి మూడు నెలలు ఆగాక మొదలు. ఆ మూడు నెలలూ మందులు ఎవరికీ మార్చరు.

ఆ రెండో గుంపు తల్లిదండ్రుల గురించి ఒకసారి ఆలోచించండి. బిడ్డ రోజూ పడిపోతున్నాడు, పక్కవాళ్ల బిడ్డకి ఆహారం మొదలైంది, మీకు మూడు నెలల తరవాత అన్నారు. నేనైతే ఒప్పుకునేదాన్నో లేదో. వాళ్లు ఒప్పుకున్నారు కాబట్టే ఇవాళ మనకి ఒక సమాధానం ఉంది. పరిశోధన అంటే డాక్టర్ల పేర్లే చెబుతాం కానీ, ఈ ఎదురుచూసిన వాళ్ల పేర్లు ఎక్కడా ఉండవు.

2008లో లాన్సెట్ న్యూరాలజీ పత్రికలో వచ్చాయి ఫలితాలు. మూడు నెలల తరవాత ఆహారం తీసుకున్న గుంపులో ఫిట్స్ సగటున మొదట ఉన్నదాంట్లో 62 శాతానికి దిగాయి. ఎదురుచూస్తున్న గుంపులో దాదాపు 137 శాతానికి పెరిగాయి. సగటు లెక్కల్ని కొద్దిమందే అటూ ఇటూ లాగేస్తారు కాబట్టి నాకు ఇంకో లెక్క ముఖ్యం. ఫిట్స్ సగానికి పైగా తగ్గిన పిల్లలు ఆహారం వైపు 38 శాతం, ఎదురుచూసిన వైపు 6 శాతం. 90 శాతానికి పైగా తగ్గినవాళ్లు ఇటు ఐదుగురు, అటు సున్నా.

38 అనేది పెద్ద సంఖ్యలా వినిపించకపోవచ్చు. నూటికి అరవై మందికి పైగా ఆశించినంత తగ్గలేదని కూడా అది చెబుతోంది. మధ్యలో మానేసినవాళ్లున్నారు. మలబద్ధకం, వాంతులు, నీరసం, ఆకలి అని చెప్పినవాళ్లున్నారు. అవన్నీ ఆ వ్యాసంలో రాశారు. అందుకే దాన్ని నేను నమ్ముతాను. అన్నీ తగ్గిపోతాయని చెప్పే వాట్సాప్ మెసేజీ పంపేవాడు ఈ అరవై మంది సంగతి చెప్పడు.

ఒక లోపం మిగిలింది. మందుల పరీక్షలో అసలు మాత్ర, ఉత్తుత్తి మాత్ర రెండూ ఒకేలా ఉంటాయి, ఎవరికేది ఇచ్చారో తెలీదు. ఆహారంలో అది ఎలా కుదురుతుంది? ఒక కంచంలో వెన్న ముద్ద, ఇంకో కంచంలో రొట్టె. అమ్మకి తెలీకుండా ఎలా ఉంటుంది? తెలిస్తే ఆశతో ఫిట్స్ తక్కువ లెక్కపెడుతుందేమో. దీనికి ఫ్రీమన్ ఒక గడుసు ఎత్తు వేశాడు. 2009లో ప్రచురించాడు. లెనాక్స్ గాస్టో అనే మొండి రకం మూర్ఛ ఉన్న పిల్లలు 20 మంది. అందరికీ ముందు ఉపవాసం, తరవాత అందరికీ అదే కీటో ఆహారం. దాంతోపాటు రోజూ ఒక తియ్యని ద్రావణం. కొందరిదాంట్లో 60 గ్రాముల గ్లూకోజ్, అంటే కీటోన్లని చెడగొట్టేది. కొందరిదాంట్లో సాకరిన్, వట్టి తీపి. ఎవరిది ఏదో ఎవరికీ తెలీదు. కొన్నాళ్లకి అటువి ఇటు మార్చారు.

ఫలితం? తేడా తేలలేదు. గణాంకాల ప్రకారం నిరూపణ కాలేదు. ఈ ఆహారాన్నే నమ్ముకుని పనిచేసిన మనిషి, తన పరీక్ష గెలవలేదని అచ్చు వేయించాడు. గ్లూకోజ్ ఇచ్చినా పిల్లల్లో కీటోన్లు పూర్తిగా పోలేదని, మొదట్లో పెట్టిన ఉపవాసం రెండు గుంపులకీ పనిచేసి ఉండొచ్చని వివరించారు. ఆ వివరణ నాకు సబబుగానే ఉంది. అయినా ఎవరైనా "ఈ ఆహారం సంగతి సందేహం లేకుండా తేలిపోయిందా?" అని అడిగితే ఈ 20 మంది పిల్లల పరీక్షని దాచకుండా చెబుతాను.

మన దేశం సంగతి. ఇక్కడ అసలు చిక్కు వంటింట్లో. నాలుగుకి ఒకటి అందరూ పాటించలేరు. హాప్‌కిన్స్‌లోనే ఎరిక్ కోసాఫ్ అనే డాక్టరు 2003లో కాస్త సడలించిన పద్ధతి ఒకటి తెచ్చాడు. మోడిఫైడ్ అట్కిన్స్ అంటారు. ఇందులో ప్రతిదీ తూచక్కర్లేదు, పిండిపదార్థం మాత్రం మొదట్లో రోజుకి 10 గ్రాములు దాటకూడదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో సువాసిని శర్మ, షెఫాలీ గులాటీ బృందం దీన్ని 102 మంది పిల్లల మీద పరీక్షించి 2013లో ప్రచురించింది. మూడు నెలలకి సగానికి పైగా తగ్గినవాళ్లు ఆహారం వైపు 52 శాతం, రెండో వైపు పదకొండున్నర శాతం. 2020లో అదే ఎయిమ్స్ నుంచి 170 మంది పిల్లలతో మూడు పద్ధతుల్నీ పోల్చిన పరీక్ష వచ్చింది. ఆరు నెలల లోపు ఫిట్స్ తగ్గుదల గట్టి కీటోలో 66 శాతం, అట్కిన్స్‌లో 45, రక్తంలో చక్కెరని నెమ్మదిగా పెంచే ఆహారంలో 54. సడలించినవి గట్టిదానితో సమానమని నిరూపణ కాలేదు. కానీ మూడోదానికి ఇబ్బందులు తక్కువ. మా దగ్గరికి వచ్చే కుటుంబాల్ని చూస్తే, ఇంటిల్లిపాదీ ఒప్పుకుని ఏడాది పాటించే 54, రెండు వారాలకే మానేసే 66 కన్నా నయం అనిపిస్తుంది. ఇది నా అభిప్రాయం, పరీక్ష చెప్పింది కాదు.

10 గ్రాములంటే ఎంతో తెలుసా? ఒక మోస్తరు ఇడ్లీ. ఒక్కటి. లేదా ఒక గ్లాసు పాలు. అంతే, ఆ రోజు కోటా అయిపోయింది. అన్నం, చపాతీ, ఉప్మా, బంగాళాదుంప, అరటిపండు, అన్నీ గీత అవతల. ఇవతల ఉన్నవి గుడ్డు, పనీర్, వెన్న, నెయ్యి, మీగడ, కొబ్బరి, తోటకూర, గోంగూర, బీరకాయ, వంకాయ. శాకాహారుల ఇళ్లలో ఇంకా కష్టం. గుడ్డు కూడా తినని ఇంట్లో పనీర్ మీదే బండి నడవాలి. కందిపప్పు ప్రొటీనే కదా అంటారు. ప్రొటీనే, కానీ సగానికి పైగా పిండిపదార్థం. ఇది చెప్పినప్పుడల్లా తల్లుల ముఖాలు పడిపోతాయి.

దొంగదారుల గురించి కూడా చెప్పాలి. దగ్గు మందు సిరప్‌లో చక్కెర. ఫిట్స్ తగ్గడానికే ఇచ్చే కొన్ని సిరప్పుల్లోనూ చక్కెర. జ్వరం వచ్చి ఎక్కడికైనా తీసుకెళ్తే గ్లూకోజ్ సీసా. హుటెన్‌లాకర్ 1976లో రాసిన వ్యాసంలోనే ఉంది, కీటో ఆహారం మీద బాగున్న పిల్లాడికి గ్లూకోజ్ ఎక్కిస్తే గంటలోపే ఫిట్స్ తిరిగొచ్చాయని. అందుకే మా పిల్లల చేతికి ఒక కార్డు ఇస్తాం, "నాకు గ్లూకోజ్ ఎక్కించే ముందు మా డాక్టరుకి ఫోన్ చెయ్యండి" అని.

అడగండి సార్... ఆఁ, పెద్దాయన ఏమంటున్నారంటే, చరకుడే అపస్మారానికి, అంటే మూర్ఛకి, నెయ్యి చెప్పాడు కదా, మనకి ముందే తెలుసు కదా అని.

చరక సంహితలో అపస్మార చికిత్సలో నేతులున్న మాట నిజం. పంచగవ్య ఘృతం, బ్రాహ్మీ ఘృతం అని ఉన్నాయి. కానీ అవి ఓషధులు వేసి కాచిన నేతులండీ, చెంచాల్లో ఇచ్చేవి. దాంతోపాటు పిల్లాడికి అన్నం మానిపించమని లేదు. ఇక్కడ పనిచేసేది నెయ్యి ఉండటం ఒక్కటే కాదు, అన్నం లేకపోవడం. రోజూ ఇంత అన్నంలో ఇంత నెయ్యి వేసి పెడితే కీటోన్లు రావు. బరువు పెరుగుతాడు, అంతే. చరకుణ్ణి గౌరవిద్దాం, కానీ ఆయన అనని మాట ఆయన నోట్లో పెట్టొద్దు.

ఆ వెనక అమ్మాయి అడుగుతోంది, బరువు తగ్గడానికి చేసే కీటో ఇదేనా అని. పేరు ఒకటే. మీరు మానేస్తే మీకు రెండు కిలోలు తిరిగొస్తాయి. మా పిల్లాడికి ఒక బిస్కెట్టుతో ఫిట్స్ తిరిగి రావచ్చు. ఇంకో సంగతి, దయచేసి దీన్ని ఇంట్లో ఎవరూ సొంతంగా మొదలుపెట్టకండి. కొందరు పిల్లలకి పుట్టుకతోనే కొవ్వుని కరిగించుకునే శక్తి ఉండదు, వాళ్లకి ఇది ప్రాణాపాయం. అందుకే ముందు రక్త పరీక్షలు చేస్తాం. చేస్తున్నన్నాళ్లూ కిడ్నీలో రాళ్లు, ఎముకలు, ఎదుగుదల, కొలెస్ట్రాల్ చూస్తూనే ఉంటాం. విటమిన్లు, కాల్షియం విడిగా ఇస్తాం. ఫిట్స్ మందులు కూడా మా మాట మీద కాదు, డాక్టరు మాట మీదే తగ్గాలి. ఎదురుగా ఎవరికైనా ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి. తాళాల గుత్తి ఇంట్లోనే ఉండనివ్వండి, తిరిగొచ్చాక తలుపు తీసుకోవడానికి పనికొస్తుంది.

చివరిగా, జీవితాంతం ఇలాగే తినాలా అని అడిగారు. లేదమ్మా. పనిచేస్తే మామూలుగా రెండేళ్లు ఉంచుతాం. గ్లట్ 1 లాంటి వాటిలో ఇంకా ఎక్కువ. తరవాత నాలుగుకి ఒకటిని మూడుకి, మూడుని రెండుకి, నెలల మీద మెల్లగా దించుతాం.

మొదట్లో చెప్పిన బాబుకి అలా దించాం. ఫిట్స్ పూర్తిగా పోలేదు, కానీ వారానికి ఒకటో రెండో. నుదురు మానింది. మొదటిసారి అర ఇడ్లీ పెట్టిన రోజు వాళ్లమ్మ మళ్ళీ వీడియో పంపింది. ఆమె ఇడ్లీ తుంచి కంచంలో పెట్టింది. ఆరేళ్లవాడు తినకుండా కంచం ఎత్తుకుని వంటింట్లోకి నడిచాడు, త్రాసు మీద పెట్టాడు, అంకె ఆగేదాకా నిలబడ్డాడు. తినేశాక కంచంలో ఏమీ మిగల్లేదు, అయినా రబ్బరు గరిటె అడిగాడు.